కనిపించని నీళ్ళకు ఊరి లెక్క

1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడ్డ ఉప్పెనలో పదివేల మందికి పైగా చనిపోయారు. తుఫాను వస్తోందన్న హెచ్చరిక అసలే లేకపోలేదు. సముద్రం పొలాలు దాటి మైళ్ళ కొద్దీ లోపలికి వచ్చి తమ గడప తొక్కుతుందన్న ఊహే ఆ ఊళ్ళకు లేదు. 1999 అక్టోబరులో ఒడిశా మహా తుఫానులోనూ దాదాపు పదివేల ప్రాణాలు పోయాయి. 2013 అక్టోబరులో అదే రాష్ట్రంలో గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుఫాను తీరం దాటినప్పుడు మృతులు యాభై లోపే. ఈ తుఫానుల మధ్య కాలంలో ఉపగ్రహాలు మెరుగయ్యాయి, రాడార్లు వచ్చాయి, తుఫాను షెల్టర్లు లేచాయి. వీటితోపాటు జరిగిన మరో పని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. ఆ తీర గ్రామాల్లో మబ్బు లేని రోజుల్లోనే తుఫాను వచ్చినట్టు సాధన చేయడం అలవాటైంది. కబురు చెప్పేవాళ్ళెవరు, ముసలివాళ్ళను మోసుకెళ్ళేవాళ్ళెవరు, గాయపడ్డవాళ్ళను చూసుకునేవాళ్ళెవరు అని ఊళ్ళోనే జట్లు కట్టుకున్నారు. ఇంకా రాని తుఫానును అందరూ కలిసి ఒకసారి మనసులో చూసి ఉన్నారు. అందుకే అది నిజంగా వచ్చిన రోజున దాదాపు 10 లక్షల మంది ఇళ్ళు వదిలి కదలగలిగారు.

వాతావరణ మార్పును తట్టుకుని నిలబడాలనుకునే ఊరికి డబ్బు కావాలి, యంత్రాలు కావాలి, ప్రభుత్వం అండ కావాలి. వాటన్నిటికంటే ముందు కళ్ళెదుట లేనిదాన్ని నలుగురూ కలిసి చూడగల శక్తి కావాలి. తుఫాను విషయంలో ఆ శక్తిని మన తూర్పు తీరం వేల ప్రాణాలు పోగొట్టుకుని సంపాదించుకుంది. కరువు విషయంలో మనం దాన్ని ఇంకా సంపాదించుకోలేదు. తుఫానుకు పేరుంటుంది, తేదీ ఉంటుంది, టీవీలో తిరిగే సుడి కనిపిస్తుంది. నేల లోపల నీరు దిగిపోతుంటే ఏదీ కనిపించదు. రాయలసీమలోనూ తెలంగాణలోనూ చాలా భాగం నేల కింద ఉన్నది గట్టి రాయి. పైన కొన్ని అడుగుల మట్టి, దాని కింద చితికిన రాతి పొర, ఇంకా దిగితే పగుళ్ళు. నీరు నిలిచేది ఆ పొరలోనూ ఆ పగుళ్ళలోనూ మాత్రమే. గంగా మైదానంలో ఉండే లోతైన ఒండ్రు నిల్వలు ఇక్కడ లేవు కాబట్టి, మంచి వానలు పడ్డ ఏడాది నిండింది కూడా ఎక్కువ కాలం ఆగదు. దానికి తోడు గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు. పడితే కుండపోత, లేకపోతే వారాల తరబడి ఎండ అన్న తీరు అందుకే పెరుగుతోంది. కుండపోతగా పడ్డ వాన నేలలోకి ఇంకేలోపే వాగు పట్టి వెళ్ళిపోతుంది. ఏడాది చివర లెక్క చూస్తే వర్షపాతం మామూలుగానే ఉంటుంది, బోర్లు మాత్రం నోరు తెరుచుకుని ఉంటాయి.

ఇలాంటి నేల మీద బతకడానికి మన రైతులకు ఒకప్పుడు ఉమ్మడి ఊహ ఒకటి ఉండేది. కార్తెలే ఆ ఊహ. మృగశిరకు దుక్కి, ఆరుద్రకు విత్తు అంటూ ఏడాదిని ఇరవై ఏడు ముక్కలు చేసి, ఏ ముక్కలో వాన ఎలా ఉండొచ్చో తరతరాల అనుభవంతో చెప్పుకున్న లెక్క అది. అందరిదీ ఒకే లెక్క కాబట్టి ఊరంతా ఇంచుమించు ఒకేసారి విత్తేది. ఇప్పుడు వాన ఆ లెక్కకు కట్టుబడి ఉండటం లేదు. ఆ ఖాళీలోకి బోరు వచ్చింది. బోరు వెనక ఉన్నదీ ఊహే. పక్క చేలో నీళ్ళు పడకపోయినా నా చేలో పడతాయని, 600 అడుగుల్లో పడకపోతే 800 అడుగుల్లో పడతాయని రైతు అనుకుంటాడు. అరచేతిలో కొబ్బరికాయ నిలబడ్డ చోట రిగ్గు దింపిస్తాడు. అప్పు తెచ్చి ఒకటి, అది ఎండితే మరొకటి. ఆ ఆశను తప్పుపట్టే హక్కు పట్నంలో కుళాయి తిప్పి బతికేవాళ్ళకు లేదు. అయితే దానిలో ఒక లోపముంది. అందులో రైతు ఒక్కడే ఉంటాడు. కింద పగుళ్ళు గట్లు చూసుకుని ఆగవు, అతని మోటారు లాగే నీరు పక్కవాడి బోరుకు కూడా ఆధారం. ఎవరికి వాళ్ళు చేసే ఊహలు విడివిడిగా ఎంత సబబైనవైనా, అన్నీ ఒకే రాతి పొర మీద పడినప్పుడు అందరి బోర్లూ ఒకదాని వెనక ఒకటి ఎండిపోతాయి. ప్రపంచంలో భూగర్భ జలాన్ని అందరికంటే ఎక్కువగా తోడుతున్న దేశం మనది. ఆ తోడివేతలో పెద్ద భాగం ఇలా విడివిడిగా తీసుకున్న కోట్లాది నిర్ణయాల మొత్తమే.

ఆ విడి ఊహలను కలపవచ్చని చూపిన ప్రయత్నం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది. ప్రపంచంలో నీటి మీద పనిచేసేవాళ్ళకు దాని సంగతి బాగా తెలుసు, మనవాళ్ళలో చాలామందికి తెలియదు. రైతుల చేతుల మీదుగా భూగర్భ జల నిర్వహణ అన్న ఆ పథకం 2003లో మొదలై ఆ దశాబ్దం చివరిదాకా నడిచింది. నెదర్లాండ్స్ ప్రభుత్వం డబ్బిచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వెనక నిలిచింది. పని చేసింది స్థానిక స్వచ్ఛంద సంస్థలు, రైతులు. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో ఆరు వందలకు పైగా ఊళ్ళలో ఇది సాగింది. కొత్త బోరు వేయించడం గానీ, మోటార్లకు సబ్సిడీ ఇవ్వడం గానీ ఇందులో లేదు. రైతులకు కొలవడం నేర్పారు. ఊళ్ళో వాన కొలిచే పరికరం పెట్టి రోజూ రాశారు. ఎంచుకున్న బోర్లలో టేపు దించి, నీరు ఎన్ని అడుగుల లోతున తగులుతోందో పదిహేను రోజులకోసారి చూశారు. డ్రమ్ము పెట్టి, గడియారం పట్టుకుని, అది నిండడానికి పట్టే సెకన్లను బట్టి మోటారు ఎన్ని లీటర్లు పోస్తోందో తేల్చారు. చదువు రానివాళ్ళు, ఆడవాళ్ళు కూడా ఈ పనులు చేశారు. కొలతలన్నీ ఊరి మధ్య గోడ మీద అందరికీ కనిపించేలా రాశారు.

రబీకి ముందు అసలు పని ఉండేది. ఒకే వాగు పరీవాహకంలో ఉన్న ఊళ్ళ రైతులంతా ఒకచోట చేరేవారు. ఈ వానాకాలం ఎంత కురిసింది, అందులో ఎంత ఇంకి ఉంటుంది, ఇప్పటికే ఎంత తోడేశాం, తాగడానికి ఎంత ఉంచాలి అని పెద్ద చార్టుల మీద లెక్క వేసేవారు. తర్వాత ఒక్కొక్కరూ రబీలో ఏ పంట ఎన్ని ఎకరాల్లో వేయాలనుకుంటున్నారో చెప్పేవారు. అందరి వరి, అందరి వేరుశనగ, అందరి శనగ కలిపి దానికి కావలసిన నీటిని రెండో పక్క రాసేవారు. చాలాసార్లు రెండో పక్క బరువు ఎక్కువగా తేలేది. ఇంకా విత్తనం పడని రబీని, ఫిబ్రవరిలో ఎండబోయే బోరును, అక్టోబరులోనే వందలమంది కలిసి చూసేవారు. ఆ తర్వాత ఎవరూ ఎవరినీ శాసించలేదు. వరి మానుకోవాలని తీర్మానం లేదు, జరిమానా లేదు. లెక్క విని ఇంటికి వెళ్ళి ఎవరికి వాళ్ళు నిర్ణయించుకున్నారు. 2010లో ప్రపంచ బ్యాంకు భారత భూగర్భ జలాల మీద వెలువరించిన నివేదిక ఈ పథకాన్ని ప్రత్యేకంగా పరిశీలించింది. పథకం నడిచిన పరీవాహక ప్రాంతాల్లో 42 శాతం చోట్ల మూడేళ్ళపాటు వరుసగా రబీ నీటి వాడకం తగ్గిందని, పెరిగినవి 7 శాతం మాత్రమేనని, మిగతా చోట్ల కొన్నేళ్ళు తగ్గి కొన్నేళ్ళు తగ్గలేదని అందులో ఉంది. వరి విస్తీర్ణం తగ్గించుకుని ఆరుతడి పంటలకు మళ్ళిన రైతులు నష్టపోలేదని కూడా తేలింది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. పథకం ముగిశాక ఆ ఊళ్ళకు వెళ్ళి చూసిన పరిశోధకులు చాలా చోట్ల ఈ లెక్కలు వేసిన రైతు సంఘాలు నీరసించాయని, కొలతలు ఆగిపోయాయని, పక్కనున్న మామూలు ఊళ్ళకూ వీటికీ పెద్ద తేడా కనిపించడం లేదని రాశారు. డబ్బు ఆగగానే ఆగిపోయేదాన్ని ఊరి శక్తి అని ఎలా అంటారు అన్న ప్రశ్న సహజం. నా జవాబు ఇది. నలుగురూ కలిసి ముందుకు చూడటం ఒకసారి నేర్పితే ఎప్పటికీ ఉండిపోయే గుణం కాదు. అది ఏటా చేయవలసిన పని, దానికి మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి. మన పూర్వులకు ఈ సంగతి తెలుసు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువు తవ్వించాడు. రోజూ వెయ్యిమంది కూలీలు రెండేళ్ళు పనిచేశారు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ ఆ శాసనం వరసగా చెబుతుంది. ఆ దోషాల్లో ఒకటి నీరు తక్కువై సాగు నేల ఎక్కువ కావడం. ఆరున్నర శతాబ్దాల కిందట రాతి మీద చెక్కిన నీటి బడ్జెట్ సూత్రం అది. అంత ముందుచూపుతో కట్టిన చెరువుల్ని కూడా ఊళ్ళు ఊహకు వదిలేయలేదు. తూము తెరవడానికి, మూయడానికి, చివరి చేనుదాకా నీరు పంచడానికి నీరుకట్టును, తెలంగాణలో నీరటిని పెట్టుకున్నాయి. ఆయకట్టు రైతులు పంట చేతికొచ్చినప్పుడు ధాన్యం కొలిచి అతన్ని పోషించారు. ఆ పోషణ ఆగినచోట చెరువూ పాడైంది. రబీ లెక్క వేసిన సంఘాలకు జరిగిందీ అదే. రోడ్లు, చెక్‌డ్యాములు కట్టి మరమ్మతులకు డబ్బివ్వకపోతే అవి కూలినప్పుడు సిమెంటు పనికిరాదని మనం అనుకోం. సంఘాల విషయంలో మాత్రం అంత త్వరగా తీర్పు చెప్పేస్తున్నాం.

లెక్కలు రైతులకు ఎక్కవు, వాళ్ళకు డబ్బే ప్రోత్సాహం అనేవాళ్ళున్నారు. ఈ అనుమానాన్ని కూడా మన నేల మీదే పరీక్షించారు. గత దశాబ్దంలో అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ, మన దేశానికి చెందిన ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో రైతులతో ఒక ఆట ఆడించింది. అయిదుగురు కూర్చుంటారు. ప్రతి విడతలో ఒక్కొక్కరూ ఒక పంట ఎంచుకోవాలి. ఒకటి నీరు తక్కువ తాగి తక్కువ లాభమిచ్చేది, రెండోది నీరు ఎక్కువ తాగి ఎక్కువ లాభమిచ్చేది. ఎవరు ఏది ఎంచుకున్నా నీటి మట్టం అందరికీ ఒకటే, అది కళ్ళముందే దిగుతుంటుంది. ఆట ముగిశాక ఊరంతా కూర్చుని ఏం జరిగిందో మాట్లాడుకుంటారు. ఏడాది తర్వాత కొద్ది మార్పులతో అదే ఊళ్ళలో మళ్ళీ ఆడించారు. ఆటలో గెలుపును బట్టి డబ్బివ్వడం పంట ఎంపికను ఏమీ మార్చలేదు. ఆడేవాళ్ళు మధ్యలో మాట్లాడుకునే అవకాశం మొదటి ఏడాది పెద్దగా పనిచేయలేదు, రెండో ఏడాది పనిచేసింది. అన్నిటికంటే ముఖ్యమైన ఫలితం ఆట బయట కనిపించింది. ఆ ఫౌండేషన్ పనిచేస్తున్న ఇతర ఊళ్ళతో పోలిస్తే, ఆట ఆడిన ఊళ్ళలో నీటి రిజిస్టర్లు పెట్టుకున్నవి, భూగర్భ జలానికి నియమాలు రాసుకున్నవి చెప్పుకోదగినంత ఎక్కువ. ఆట ఒక్కటే నీటి మట్టాన్ని పైకి తేలేదని ఆ పరిశోధకులే అన్నారు. నాకు ముఖ్యమనిపించేది మరొకటి. పదేళ్ళ కష్టాన్ని ఒక మధ్యాహ్నంలో, ఎవరి చేనూ ఎండకుండా, ఆ రైతులు కలిసి చూడగలిగారు. చూసినదాన్ని నియమంగా మార్చుకున్నారు.

ఇంకొక అభ్యంతరం రాజకీయమైనది, అది నాకు అన్నిటికంటే సబబుగా తోస్తుంది. భూమిని వేడెక్కించింది అనంతపురం రైతు కాదు. సగటు అమెరికన్ ఏటా విడుదల చేసే కార్బన్ డయాక్సైడ్ సగటు భారతీయుడి వాటాకు ఆరేడు రెట్లు. ఇక్కడ వరి వైపు రైతును తోసింది కూడా అతని అత్యాశ కాదు. గ్యారంటీగా కొనే పంట ఎక్కువచోట్ల వరి. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. జొన్నకూ కొర్రకూ వరికున్నంత కొనుగోలు భరోసా లేదు. ఇవన్నీ అలాగే ఉంచి, మీరు బాగా ఊహించండి, మీరే సర్దుకోండి అని ఊరికి చెప్పడం బాధ్యతను బలహీనుడి నెత్తిన పెట్టడమే. ఈ మాటతో నాకు పూర్తి ఏకీభావం ఉంది. కానీ దీని నుంచి ఊరు లెక్క వేసుకోకూడదన్న ముగింపు రాదు. తన వాగు పరీవాహకంలో నీరు ఎంత ఉందో, వరికి ఎంత చాలదో కాగితం మీద చూపగల ఊరే, మా ఆరుతడి పంటను కొనండి అని కలెక్టర్‌ను నిలదీయగలదు. కొలతలు లేని ఊరికి దొరికేది కరువు మండలాల జాబితాలో చోటు, ఆలస్యంగా వచ్చే పరిహారం. ప్రభుత్వాన్ని అడిగే బలం కూడా ఆ ఉమ్మడి చూపు నుంచే వస్తుంది.

ఎవరి ఊహ అన్నది కూడా తేల్చుకోవలసిన ప్రశ్నే. బోరున్నవాడు నీటి బడ్జెట్ సభకు వస్తాడు. బోరు లేని మెట్ట రైతు, భూమి లేని కూలీ ఎందుకు రావాలి? ఊరి కింద ఉన్న నీరు బోరు వేయించుకోగలిగినవాళ్ళదేనా? వాసన్ లాంటి స్వచ్ఛంద సంస్థలు అనంతపురం, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో చేయించిన ప్రయోగాలు ఇక్కడే మనసుకు హత్తుకుంటాయి. కొందరి బోర్లను పైపులతో కలిపి, వాన ముఖం చాటేసిన వారాల్లో బోరు లేనివాళ్ళ చేలకూ ఒకటి రెండు తడులు అందించారు. బదులుగా కొత్త బోర్లు వేయబోమని అందరూ ఒప్పుకున్నారు. బోరు ఉన్నవాడికి పక్కవాడు కొత్త బోరు వేసి తన నీళ్ళు లాగేస్తాడన్న భయం పోయింది, లేనివాడికి పంట ప్రాణం దక్కింది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, వాళ్ళలో అత్యధికులు దళితులు, ఇంకా ముందే ఇలాంటి పని చేశారు. దేశమంతా రేషన్ దుకాణంలో బియ్యం కోసం నిలబడుతున్న 1990ల్లో, పడావు పడ్డ తమ రాళ్ళ నేలల్ని సాగులోకి తెచ్చి, పండిన జొన్నల్నే ఊరి పేదలకు పంచే సొంత వ్యవస్థను పెట్టుకున్నారు. ఇంటింటా విత్తనాలు దాచుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్ళకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. చిరుధాన్యాలు వాతావరణానికి తట్టుకునే పంటలని ప్రభుత్వాలు ప్రచారం చేయడానికి చాలా ముందే, తక్కువ భూమి, తక్కువ చదువు, తక్కువ పలుకుబడి ఉన్న ఆడవాళ్ళు ఆ సంగతి గ్రహించి ఆచరణలో పెట్టారు. పేదరికంలో ఉన్నవాళ్ళకు రేపటి గురించి ఆలోచించే తీరిక ఉండదన్న మాట ఇకనైనా మానుకోవాలి.

2019 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం 6,000 కోట్ల రూపాయలతో అటల్ భూజల్ యోజనను ప్రారంభించింది. ఊళ్ళు తమ నీటి బడ్జెట్ తామే వేసుకోవాలన్నది ఆ పథకానికి ప్రాణం. గుజరాత్, హర్యానా, కర్ణాటక, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాలను అందులో చేర్చారు. ఈ పద్ధతిని దేశానికి చూపిన ఏడు కరువు జిల్లాలున్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆ జాబితాలో లేవు. కేంద్రం చేర్చే దాకా ఎదురుచూడవలసిన పని లేదు. ఖర్చయ్యేది వాన కొలిచే పరికరానికి, టేపుకు, గోడ మీద బోర్డుకు, వాటిని చూసుకునే మనిషి జీతానికి. ఆ మనిషిని మండలానికో అధికారిగా కాకుండా ఊరికొకరిగా, ఊళ్ళోవాళ్ళలోంచే, వీలైతే బోరు లేని ఇంటి నుంచే తీసుకోవాలి. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ కరువు మండలాల పంచాయతీల్లో యాసంగికి ముందు నీటి బడ్జెట్ గ్రామసభను తప్పనిసరి చేయాలి. ఆ సభ తేల్చిన ఆరుతడి పంటలను మద్దతు ధరకు కొంటామని విత్తనాలు పడకముందే ప్రకటించాలి. సర్పంచులు ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఆగకుండా ఈ అక్టోబరులోనే మొదలుపెట్టవచ్చు. ఆ సభకు బోరున్నవాళ్ళతోపాటు లేనివాళ్ళనూ, మగవాళ్ళతోపాటు ఆడవాళ్ళనూ పిలవాలి.